ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ‘కొత్త చట్టం వచ్చింది’ అని మెసేజ్ వస్తే: అది మనదాకా వచ్చిందో లేదో చూసుకోవడం ఎలా?

నియోజకవర్గం వాట్సాప్ గ్రూపులో ఎమ్మెల్యే ఆఫీసు పోస్టరు పడుతుంది. పైన ఫొటోలు, కింద పెద్ద అక్షరాల్లో ‘చారిత్రక చట్టానికి ఆమోదం’. మర్నాడు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే ‘మాకింకా ఏ ఆర్డరూ రాలేదండీ’ అంటారు. ఇద్దరిలో ఎవరిది అబద్ధం అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కువసార్లు ఎవరిదీ కాదు. కాగితం ఒక దశలో ఉంటే మనం దాన్ని రెండు దశలు ముందుకు జరిపి చదువుకుంటాం. ఆ దశ ఏదో పట్టుకోవడం, అందులో మనకు సంబంధించిన ఒక్క నిబంధనను వెతుక్కోవడం, ఆపైన ఎవరిని ఏమి అడగాలో తెలుసుకోవడం, ఈ మూడింటికే ఈ వ్యాసం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ పద్ధతి ఒకటే. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అసలు మెసేజ్, అది వచ్చిన తేదీ. ఎవరో కత్తిరించి పంపిన సగం స్క్రీన్‌షాట్ పనికిరాదు.
- ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి కరెంటు బిల్లు. భూమి విషయమైతే పట్టాదారు పాస్‌పుస్తకం.
- ఒక నోటుపుస్తకం. ఏ రోజు, ఏ ఆఫీసు, ఏ హోదా ఉన్నవారు, ఏం చెప్పారు అన్నది రాసుకోవడానికి.
- ఇంగ్లిషు చదవగలిగిన మనిషి ఒకరు. జీవోలు (ప్రభుత్వ ఉత్తర్వులు) ఎక్కువగా ఇంగ్లిషులోనే వస్తాయి. కాలేజీ చదివే పిల్లలున్నా చాలు.

1. మెసేజ్‌లో క్రియాపదం చూడండి

ఫొటోలు, విశేషణాలు వదిలేయండి. ఏం జరిగిందని రాశారో ఆ ఒక్క మాట కింద గీత గీయండి.

‘ప్రకటించారు’, ‘హామీ ఇచ్చారు’: కాగితం ఇంకా పుట్టలేదు.

‘కేబినెట్ ఆమోదించింది’: మంత్రివర్గం ఒప్పుకుంది. బిల్లో, జీవోనో ఇకమీదట రావాలి.

‘సభలో ప్రవేశపెట్టారు’, ‘సభ ఆమోదించింది’: బిల్లు ఉంది, చట్టం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ శాసన మండలి ఉంది కాబట్టి అక్కడికీ వెళ్ళాలి. ఆ తర్వాత రాజ్యాంగం 200వ అధికరణం కింద గవర్నర్ ఆమోదించవచ్చు, వెనక్కి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పెట్టవచ్చు.

‘ఆర్డినెన్స్ తెచ్చారు’: వెంటనే అమల్లోకి వస్తుంది, కానీ తాత్కాలికం. సభ మళ్ళీ సమావేశమైన ఆరు వారాల్లోగా దాని స్థానంలో చట్టం రాకపోతే చెల్లదు.

‘గెజిట్‌లో వచ్చింది’: ప్రభుత్వ అధికారిక పత్రికలో అచ్చయింది, చట్టమైంది. అమలు తేదీ మాత్రం వేరే ఉండవచ్చు.

‘జీవో జారీ అయింది’: ప్రభుత్వ ఉత్తర్వు. ఉన్న చట్టం కిందో, పథకం కిందో ఇస్తారు. కొత్త చట్టం కాదు.

తెలంగాణలో భూమి రికార్డులకు సంబంధించిన భూభారతి చట్టం తీసుకోండి. 2024 డిసెంబరులో శాసనసభ బిల్లును ఆమోదించింది. 2025 జనవరిలో గవర్నర్ ఆమోదం వచ్చింది. అమలు మొదలైంది 2025 ఏప్రిల్ 14న. అప్పుడు కూడా ముందుగా నాలుగు మండలాల్లోనే దరఖాస్తులు తీసుకున్నారు. డిసెంబరు పోస్టరు చూసి జనవరిలో ఆఫీసుకు వెళ్ళినవారికి పని కాకపోవడంలో వింత లేదు.

సభ ఆమోదించినా ఆగిపోయేవి ఉంటాయి. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లుల్ని తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో ఆమోదిస్తే అవి రాష్ట్రపతి పరిశీలనకు వెళ్ళాయి. సెప్టెంబరులో స్థానిక సంస్థల ఎన్నికల కోసం జీవో 9 ఇచ్చారు, అక్టోబరు 9న హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఇక ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం రాష్ట్రపతి ఆమోదం కూడా పొంది 2023లో అమల్లోకి వచ్చింది, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అందుకే పాత మెసేజ్ మళ్ళీ తిరుగుతుంటే ‘ఇప్పుడూ అమల్లో ఉందా?’ అన్నది వేరే ప్రశ్నగా అడగాలి.

2. నంబరు పట్టుకోండి

నంబరు, తేదీ, శాఖ పేరు. ఈ మూడూ లేని మెసేజ్‌ను వార్తగా చదువుకోండి, ఆధారంగా ఎక్కడా చూపకండి. ‘జీవో 9’ అన్నంత మాత్రాన ఏమీ తేలదు. జీవో నంబర్లు శాఖకో వరుసలో, ఏడాదికోసారి మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఒకే ఏడాదిలో పంచాయతీరాజ్‌కు ఒక 9, రెవెన్యూకు ఇంకో 9 ఉంటాయి.

నంబరు ముందు ‘ఎంఎస్’ అని ఉంటే విధానపరమైన ఉత్తర్వు. ‘ఆర్‌టీ’ అని ఉంటే మామూలు పాలనా ఉత్తర్వు: ఒక పనికి నిధుల మంజూరు, ఒక అధికారి బదిలీ వంటివి. పక్క మండలం రోడ్డుకు వచ్చిన ఆర్‌టీ జీవో చూపించి మా ఊరికీ వర్తింపజేయండి అంటే కుదరదు. మెమో, సర్క్యులర్ అన్నవి ఇంకా కింది స్థాయివి, జీవోను ఎలా అమలు చేయాలో అధికారులకు చెప్పే కాగితాలు. మీ పని ఆగేది తరచూ వీటి దగ్గరే, వీటిని మాత్రం ఎవరూ గ్రూపుల్లో పెట్టరు.

వెతకాల్సిన చోట్లు:

- జీవో అయితే రెండు రాష్ట్రాలకూ విడివిడిగా ఉన్న జీవోఐఆర్ పోర్టల్ (ప్రభుత్వ ఉత్తర్వులు పెట్టే వెబ్‌సైట్). శాఖ, నంబరు, తేదీ ఇచ్చి వెతకాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు ఈ పోర్టల్‌లో పెట్టడం ఆపేసి, 2024 ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలం నాటిది అక్కడ దొరక్కపోతే ఏపీ ఈ-గెజిట్ చూడండి. అక్కడా లేకపోతే ఏం చేయాలో 8వ మెట్టులో ఉంది.
- బిల్లు అయితే ఆ రాష్ట్ర శాసనసభ వెబ్‌సైట్. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్‌లోనూ రాష్ట్రాల బిల్లులు ఉంటాయి.
- చట్టం అయితే గెజిట్, లేదా కేంద్రం నడిపే ఇండియా కోడ్ సైట్. ఇండియా కోడ్‌లో ఉన్న ప్రతిలో తాజా సవరణలు ఎక్కి ఉండకపోవచ్చు, గెజిట్‌తో సరిచూసుకోండి.

వాట్సాప్‌లో వచ్చిన జీవో పీడీఎఫ్ అసలుదో కాదో తేల్చడానికి దాని ముస్తాబు చూడకండి. లెటర్‌హెడ్, రాజముద్ర, సంతకం ఎవరైనా అతికించగలరు. అదే నంబరుతో పోర్టల్‌లో వెతికి, అక్కడి ప్రతిని మీరే దించుకోండి. రెండూ పక్కన పెట్టి తేదీ, విషయం, చివర జారీ చేసిన అధికారి హోదా పోల్చండి. సైట్ చిరునామా ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేదా ‘డాట్ నిక్ డాట్ ఇన్’తో ముగుస్తోందా అన్నది ముందే చూసుకోవాలి. చిరునామా మధ్యలో ‘గవ్’ అని ఉంటే లెక్కలోకి రాదు, చివర్లోనే ఉండాలి.

సరిహద్దు జిల్లాల వారికి ఒక మాట. ఖమ్మంలో ఎన్టీఆర్ జిల్లా మెసేజ్‌లు, కర్నూలులో గద్వాల మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. రాష్ట్రం పేరు లేని పోస్టరైతే ఏ రాష్ట్రానిదో ముందు తేల్చుకోండి. చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

3. కాగితంలో నాలుగు చోట్ల చదివితే చాలు

ముప్ఫై పేజీల చట్టం మొత్తం చదవక్కర్లేదు.

ఒకటి, మొదటి సెక్షన్. ఏ ప్రాంతానికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి అమలు అన్నది అక్కడే ఉంటుంది. ‘ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి’ అని రాసి ఉంటే చట్టం గెజిట్‌కు ఎక్కినా ఇంకా నిద్రలోనే ఉందన్నమాట. ఆ తేదీ నోటిఫికేషన్ కోసం విడిగా వెతకాలి.

రెండు, నిర్వచనాలు. ‘కుటుంబం’, ‘వ్యవసాయ భూమి’, ‘లబ్ధిదారు’ అన్న మాటలకు మనం వాడే అర్థమే అక్కడా ఉంటుందని అనుకోవద్దు. ఒక చట్టంలో పెళ్లయిన కొడుకు వేరే కుటుంబం, మరో పథకంలో రేషన్ కార్డే కుటుంబం.

మూడు, ‘నిర్ణయించిన విధంగా’ అన్న మాట ఎక్కడెక్కడ వచ్చింది. అది వచ్చిన ప్రతిచోటా రూల్స్ రావాలి. దరఖాస్తు ఫారం, ఫీజు, గడువు సాధారణంగా రూల్స్‌లోనే ఉంటాయి, చట్టంలో ఉండవు. రూల్స్ రాకపోతే ఫారం ఉండదు, ఫారం లేకపోతే గుమస్తా తీసుకోడు.

నాలుగు, చివరి సెక్షన్లు. పాత చట్టాల్లో ఏవి రద్దయ్యాయి, పాత చట్టం కింద పెట్టిన దరఖాస్తుల గతేమిటి అన్నవి అక్కడ దొరుకుతాయి. మీ దరఖాస్తు ఇప్పటికే పెండింగులో ఉంటే చదవాల్సింది ముందుగా ఇదే.

సవరణ చట్టమైతే ఒంటరిగా చదివితే అర్థం కాదు. ‘4వ సెక్షన్‌లో ఫలానా మాటలకు బదులు ఫలానా మాటలు’ అని మాత్రమే ఉంటుంది. మూల చట్టం తెరిచి, ఆ మాటలు పెన్సిల్‌తో మార్చుకుని చదవండి.

4. మీకు వర్తిస్తుందా? కటాఫ్ తేదీతో మొదలుపెట్టండి

పోస్టర్లు చెప్పనిదీ, మనుషుల్ని ఎక్కువగా తిప్పేదీ ఇదే. భూభారతి చట్టంలో సాదాబైనామాల (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోళ్ల) క్రమబద్ధీకరణకు వీలుంది. పోస్టరులో అంతవరకే ఉంటుంది. సెక్షన్ తెరిస్తే మూడు షరతులు: 2014 జూన్ 2కు ముందు కొని ఉండాలి, పన్నెండేళ్లుగా స్వాధీనంలో ఉండాలి, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య దరఖాస్తు పెట్టి ఉండాలి. తెల్లకాగితం మీద ఎంత నిజాయితీగా కొన్నా, ఆ నెల రోజుల్లో దరఖాస్తు పెట్టనివారు ఈ సెక్షన్ కింద రారు. అలాంటి వారు కొత్త దరఖాస్తు రాయించుకోవడానికి మధ్యవర్తికి డబ్బు ఇచ్చే ముందు ఆ పేరా ఒక్కటి చదివించుకోవాలి.

పథకాల విషయంలో కొలతలు, మొత్తాలు చూడండి. తెలంగాణ ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు అని అందరికీ తెలుసు. ఆ డబ్బు పని దశల్ని బట్టి విడతలుగా వస్తుందనీ, ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదనీ చాలామంది పునాది తీశాక తెలుసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో చదువుకునే పిల్లల తల్లులకు ఇచ్చే తల్లికి వందనం 15,000 అని ప్రచారం. 2025లో ఖాతాలో పడింది 13,000, మిగిలిన 2,000 బడి, కాలేజీ నిర్వహణకు. ‘మధ్యలో ఎవరో తిన్నారు’ అని ఫిర్యాదు పెట్టే ముందు జీవోలో మొత్తం ఎలా విడదీశారో చూడాలి. రైతులకు ఇచ్చే అన్నదాత సుఖీభవ కూడా అంతే. ఏడాదికి 20,000లో 14,000 రాష్ట్రానిది, 6,000 పీఎం కిసాన్‌ది. ఒకటి వచ్చి రెండోది రాకపోతే రెండు వేర్వేరు చోట్ల స్టేటస్ చూసుకోవాలి, కేంద్రం వాటా గురించి గ్రామ, వార్డు సచివాలయం మీద కోప్పడి లాభం లేదు.

మీ వివరాలు సర్కారు లెక్కల్లో ఎలా ఉన్నాయో కూడా చూడండి. ఏపీలో పలు పథకాలకు ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, నెలకు 300 యూనిట్ల కరెంటు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం వంటివి వడపోస్తారు. అద్దెకిచ్చిన ఇంటి మీటరు మీ ఆధార్‌కు తగిలించి ఉంటే ఆ యూనిట్లు మీ ఖాతాలోకే వస్తాయి. ఎప్పుడో అమ్మేసిన కారు పేరు మార్పు కాకపోతే ఇంకా మీదే. సచివాలయంలో ‘ఇనెలిజిబుల్’ (అర్హత లేదు) అని చెబితే అక్కడితో ఊరుకోకండి. ఏ కారణంతో అని అడిగి, ఆ కారణం పేరు రాసుకోండి. ఎమ్మెల్యే సిఫార్సుతో ఇది మారదు. మీటరైతే విద్యుత్ ఆఫీసులో, వాహనమైతే రవాణా శాఖలో సరిచేయించి, మళ్ళీ సచివాలయంలో అభ్యంతరం పెట్టాలి.

5. దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి

తెలంగాణలో మీసేవ, మండల, మునిసిపల్ ఆఫీసులు. ఏపీలో గ్రామ, వార్డు సచివాలయం. ఎక్కడ పెట్టినా దరఖాస్తు నంబరున్న రసీదు చేతికి రావాలి. ‘మీ పేరు రాసుకున్నాం’ అంటే దరఖాస్తు పెట్టినట్టు కాదు. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో పీఏకి ఇచ్చిన జిరాక్సు కూడా దరఖాస్తు కాదు. గడువు దాటాక ఈ రెండూ ఎవరి ముందూ నిలవవు.

రసీదులో చూడాల్సినవి: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఫోన్ నంబరు మీదేనా, సర్వే నంబరులో బై నంబరు అక్షరంతో సహా సరిపోయిందా. ‘112/అ’కు బదులు ‘112’ అని పడితే తిరస్కరణకు అదొక్కటి చాలు. సెంటరు దాటకముందే సరిచేయించుకోండి.

6. డబ్బు జమ కావాల్సి ఉంటే

బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా అనుకుంటారు. అది కేవైసీ, అంటే మీరెవరో బ్యాంకు నిర్ధారించుకోవడం. నేరుగా నగదు జమ కావాలంటే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌కు డబ్బు పడాల్సిన ఖాతాను జతచేయడం) కావాలి, అది వేరే పని, దానికి బ్యాంకులో విడిగా ఒప్పుకోలు ఫారం ఇవ్వాలి. ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒక్క ఖాతాయే మ్యాప్ అయి ఉంటుంది. మధ్యలో ఇంకో బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి అక్కడ మ్యాపింగ్‌కు ఒప్పుకుంటే డబ్బు ఆ కొత్తదానికి పోతుంది. మై ఆధార్ పోర్టల్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఏ బ్యాంకో కనబడుతుంది. ‘జమ అయిందంటున్నారు, నాకు రాలేదు’ అన్నప్పుడు ముందు ఇది చూసి, ఆ బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి.

7. ఎమ్మెల్యేను ఏం అడగాలి, ఏం అడగకూడదు

అర్హత ఇచ్చే అధికారం ఎమ్మెల్యేకు లేదు. ఆయన లేఖ అధికారికి సిఫార్సు మాత్రమే. కానీ ఆయన చేయగలిగినవి, మనం అడగనివి కొన్ని ఉన్నాయి: ఆగిన ఫైలు గురించి శాఖను రాతపూర్వకంగా వివరణ అడగడం, మండల సర్వసభ్య సమావేశంలో ప్రస్తావించడం, సభలో ప్రశ్న వేయడం. సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చెబుతారు, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. ‘ఈ చట్టానికి రూల్స్ ఎప్పుడు?’ అన్నది అచ్చంగా అలా అడగాల్సిన ప్రశ్న. ఒక్కరుగా కాక, అదే ఇబ్బంది ఉన్న పదిమంది దరఖాస్తు నంబర్లతో కలిసి ఇస్తే బరువుంటుంది.

వినతిపత్రం ఒక్క పేజీ దాటనివ్వకండి. నమూనా:

*గౌరవనీయులైన శాసనసభ్యులు గారికి,*
*విషయం: (ఊరు, మండలం), (చట్టం లేదా జీవో నంబరు, తేదీ, శాఖ) కింద దరఖాస్తు పెండింగు గురించి.*
*నేను (తేదీ)న (ఆఫీసు)లో దరఖాస్తు చేశాను. నంబరు: ….*
*(తేదీ)న (హోదా) గారు చెప్పిన కారణం: ….*
*పై జీవో (పేరా నంబరు) ప్రకారం నాకు అర్హత ఉందని మనవి.*
*కోరేది: ఈ దరఖాస్తుపై రాతపూర్వక జవాబు ఇవ్వవలసిందిగా (అధికారి)కి లేఖ.*
*జతపరచినవి: రసీదు, జీవో పేరా, ….*

రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ‘అందినది’ అని తేదీ, ముద్ర వేయించుకోండి. ఒక వినతికి ఒకే కోరిక. రోడ్డు, పింఛను, పాస్‌పుస్తకం మూడూ ఒకే కాగితంలో రాస్తే అది ఏ శాఖకూ వెళ్ళదు. బాధంతా వివరంగా రాస్తే కదులుతారనుకోవడం కూడా పొరపాటే. చదివేది పీఏ, ఆయన వెతికేది ఏ ఆఫీసుకు పంపాలన్న సంగతే.

ముఖ్యమంత్రి సహాయ నిధి మాత్రం ఎమ్మెల్యే ఆఫీసు గుండానే ఎక్కువగా నడుస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ తెచ్చుకోండి, అన్నీ జిరాక్సు తీసి పెట్టుకున్నాకే అసలువి ఇవ్వండి. బిల్లు మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకటే కావాలి. ‘వచ్చినదాంట్లో ఇంత’ అని ఎవరైనా బేరం పెడితే కాగితాలు వెనక్కి తీసుకుని నేరుగా క్యాంపు ఆఫీసులో ఇవ్వండి.

ఎమ్మెల్యే దొరకకపోతే ఆగక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఏపీలో పీజీఆర్‌ఎస్. ఏపీలో 1100కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. హైదరాబాద్ బేగంపేటలోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణి జరుగుతుంది. అర్జీ ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చిందంటే పని అయినట్టు కాదు. ‘సంబంధిత శాఖకు పంపాం’ అని రాసి మూసేయడం మామూలే. నంబరు కొట్టి ఎండార్స్‌మెంట్‌లో (అధికారి రాసిన జవాబులో) ఏం రాశారో చదవండి. జవాబు లేకుండా మూసి ఉంటే అదే నంబరు ఉటంకిస్తూ మళ్ళీ ఇవ్వండి.

8. ఎవరూ కాగితం చూపించకపోతే

సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. దరఖాస్తు ఇవ్వాల్సింది ఎమ్మెల్యే ఆఫీసుకు కాదు, శాఖలోని పౌర సమాచార అధికారికి. గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు కార్డు జిరాక్సు జతచేస్తే ఫీజు అక్కర్లేదు.

‘నా పని ఎందుకు చేయలేదు?’ అని రాస్తే జవాబు రాదు. చట్టం ఇచ్చేది ఉన్న సమాచారాన్ని, సంజాయిషీని కాదు. ఇలా రాయండి: ‘ఫలానా చట్టం అమలు తేదీ నోటిఫికేషన్ నకలు, దాని కింద రూల్స్ జీవో నకలు, నా దరఖాస్తు ఫైలులో నోట్‌ఫైలు నకలు, దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్ళిందో ఆ వివరాలు.’ వేరే శాఖ దగ్గరున్న సమాచారమైతే 5 రోజుల్లో ఆ శాఖకు బదిలీ చేయాల్సిన బాధ్యత వారిదే, ‘మాది కాదు’ అని తిప్పి పంపకూడదు.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. దానికి 30 రోజులు, కారణం రాస్తే 45 రోజులు గడువు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా వేయవచ్చు. రిజిస్టర్ పోస్టు రసీదు, చేరినట్టు వచ్చిన కార్డు దరఖాస్తు ప్రతికి పిన్ను కొట్టి ఉంచండి. ఈ గడువులన్నీ ఆ తేదీల నుంచే లెక్కపెడతారు.

జవాబులో ‘రూల్స్ ఇంకా జారీ కాలేదు’ అని వస్తే దాన్ని నిరాకరణగా తీసుకోవద్దు. ఆ కాగితం నకలు తీసి, 7వ మెట్టులోని వినతికి జతచేసి, రూల్స్ గురించి సభలో ప్రశ్న వేయమని మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి. ఎమ్మెల్సీ ఉంటే ఆయనకూ ఒక ప్రతి.